కుళాయిలు కట్టెయ్యండి

స్కాట్లండు కొండల్లోని ఆ బంగళా యజమానులు ఎడింబరో వెళ్లి వారమైంది. మిగిలింది గ్యాసు మిషను చూసుకునే మర్డో, వంటమనిషి ఎల్స్‌పెత్. పెరటి కొట్టులో ఆ మిషను కార్బైడు రాళ్ల మీద నీళ్లు చుక్కలుగా వదిలి గ్యాసు పుట్టిస్తుంది. గ్యాసు నిండితే నీళ్లలో తేలే డ్రమ్ము లేస్తుంది, ఇంట్లో గ్యాసు దీపాలు వెలిగితే దిగుతుంది.

మూడు రోజులుగా, దీపాలన్నీ ఆర్పేశాక కూడా డ్రమ్ము దిగుతోంది.

"నేను పడుకున్నాక టీ కాచుకుంటున్నావు కదూ?" అన్నాడు మర్డో.

"నా టీకి బొగ్గులున్నాయి. నీ డబ్బాకే ఎక్కడో చిల్లి పడుంటుంది, చూసుకో," అని ఎల్స్‌పెత్ చెల్లెలింటికి బండెక్కేసింది.

చిల్లి పడితే ఈ గ్యాసు వెల్లుల్లి కంపు కొట్టాలి. కొట్టడం లేదు. అంటే గ్యాసు ఎక్కడో మండుతోంది.

చలికాలం, నాలుగింటికే చీకటి పడింది. డ్రమ్ము మీద మర్డో గీసిన సుద్దగీత అతని కళ్లముందే నీళ్లలోకి జారింది. ఇంటికి గ్యాసు వెళ్లే పెద్ద కుళాయి కట్టేశాడు. డ్రమ్ము ఠక్కున ఆగింది.

కాసేపటికి, తన దీపం కోసం మళ్లీ తిప్పబోయాడు. తిప్పే ముందు ఇంటివైపు కేకెయ్యాలి. ఆరిన దీపాల కుళాయిలు తెరిచే ఉంటే గదుల్లో గ్యాసు నిండి ప్రాణాలు పోతాయి. పదేళ్ల అలవాటు. ఇంట్లో ఎవరూ లేరన్నది మరిచే అరిచాడు.

"గ్యాసు వదులుతున్నా, కుళాయిలు కట్టెయ్యండి."

మేడ మీద కిర్రుమని ఏదో తిరిగింది.

"కట్టేశాను మర్డో," అంది ఓ గొంతు, రోజూ చెప్పే మాటలాగే. "ఇక వదులు."