మూడు లైన్ల మార్పు

అందరూ ఉచితంగా వాడుకునే ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పు చేరాలన్నా ఆవిడ సరేననాలి. వాడేవాళ్ల ఆచూకీ దాచిపెట్టే మధ్య సర్వర్, ప్రాక్సీ గురించి ఒక ప్రోగ్రామర్ పంపిన మూడు లైన్ల కోడ్ దగ్గర ఆవిడ ఆగిపోయింది. టీ మీద మీగడ కట్టింది.

ఫోన్ మోగింది. ఆ ప్రోగ్రామరే.

"ఏంటక్కా, మూడు లైన్లకి మూడు రోజులా? ఐదింటికి విడుదల. అందరూ నా ప్రాణం తీస్తున్నారు."

"ప్రాక్సీ పడిపోతే ఏమవుతుంది?"

"నేరుగా కనెక్ట్ అవుతుంది. పని ఆగదు."

"ఆగాలి. లేకపోతే దాని చాటున ఉన్నవాళ్ల ఆచూకీ బయటపడుతుంది."

"మరీ చాదస్తం అక్కా! ఎప్పుడో ఒక్క నిమిషం పడిపోతే ఎవరి కొంప మునుగుతుంది?"

ఐదుకి నాలుగు నిమిషాలుంది. ఆవిడ తిరస్కరించే బటన్ నొక్కింది.

"మా చెల్లి దీంతోనే సర్కారు దాచే వార్తలు పత్రికకి పంపేది. పోయినేడు ప్రాక్సీ ఒక్క నిమిషం పడిపోయింది. అప్పుడూ ఇందులో ఇలాంటి మార్పే ఉంది. సాయంత్రానికల్లా పోలీసులు తలుపు కొట్టారు. ఇంకా జైల్లోనే ఉంది."



"అప్పటి మార్పుని... ఎవరు ఒప్పుకున్నారక్కా?"

"నేనే. సరిగ్గా చదవకుండా."