పాత ముక్కు

సేబొమ్ వంకరపోయిన ముక్కును నొక్కి చూశాడు గంగ్నమ్‌లోని ప్లాస్టిక్ సర్జరీ డాక్టరు. “చెవిలోని మెత్తటి ఎముక మొదటి ఆపరేషన్‌లోనే వాడేశారు. ఈసారి పక్కటెముకలోంచి తీయాలి. ఎలాంటి ముక్కు కావాలి?”

“నా పాతదే.” సేబొమ్ ఒక ఫొటో అందించింది.

పక్కనున్న తల్లి మొహం మాడిపోయింది. “ఇది మీ నాన్న ఫొటో కదే!”

“నా పాత ఫొటోలన్నీ నువ్వే చింపేశావుగా. ఆయనదీ నాదీ ఒకటే ముక్కు.”

“అందుకేనే కోయించింది! వాడు ఇంకొకత్తితో పోయినా, వాడి ముక్కు రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం తినేది.”

ఆ మొదటి ఆపరేషన్, కాలేజీ ప్రవేశపరీక్ష బాగా రాసినందుకు అమ్మ ఇచ్చిన బహుమతి అనుకుంది సేబొమ్, ఇన్నాళ్లూ.

ఫొటోను డాక్టరు వైపు ఇంకాస్త జరిపింది.

“కొంచెం పెద్దదిగానే పెట్టండి డాక్టరుగారూ. అన్నం తినేటప్పుడు అమ్మకి బాగా కనబడాలి.”