ఒక్క కంచం

2051 ఆగస్టు తొమ్మిది భీమశంకరంగారికి బాగా గుర్తు. ఆ రాత్రి బెండకాయ వేపుడు, మజ్జిగతో భోజనం ముగించారు. గుండె ఆపరేషన్ చేయాలంటే నెలపాటు సిగరెట్ ముట్టకూడదన్నారు డాక్టరు. ఆయన ఒక్క రోజు కూడా ఆగలేకపోతున్నారు.

కాకినాడలో అందరిలాగే ఆయన చేతికీ అలవాట్లు గమనించే పట్టీ ఉంది. అది తిట్టదు, బతిమాలదు. ఆయన అగ్గిపెట్టె అందుకోబోతుంటే నెమ్మదిగా చెప్పింది.

"తిండి అరగడానికని కాలుస్తున్నాననుకుంటున్నారు మీరు. గడిచిన నెల రోజుల్లో కాల్చినవాటిలో ఇరవై ఆరు, ఒక్క కంచం కడిగి బోర్లించగానే కాల్చినవండి."

భార్య పోయి రెండేళ్లయింది. ఆయన అగ్గిపెట్టె సింకు పక్కనే వదిలేసి, వెళ్లి ఎదురింటి తలుపు తట్టారు.

"లోవరాజూ, రేపట్నుంచి రాత్రి భోజనం నా దగ్గరే చెయ్యవయ్యా."

"మీ వంట తింటే నాకూ ఆపరేషన్ చెయ్యాలేమోనండి మేష్టారూ," అన్నాడు, తనూ ఒంటరిగా ఉండే లోవరాజు. అయినా వచ్చాడు. మర్నాడూ వచ్చాడు.

సిగరెట్ ముట్టని ముప్ఫయ్యో రాత్రి లోవరాజు కంచాలు తుడిచి సర్దాడు.

"పొద్దున్నే ఆసుపత్రికి నేనూ వస్తానండి. పడుకోండింక," అని వెళ్లాడు.

అతని ఇంట్లో దీపం వెలిగేదాకా చూసి, భీమశంకరంగారు నెమ్మదిగా తలుపు వేసుకున్నారు.