చిన్నకారుకి లారీ హారన్లు

చిన్న తెల్ల కారు ముందు రెండు లారీ హారన్లు. మేకపిల్లకి దున్నపోతు కొమ్ములు అతికించినట్టు.

కారు రత్తయ్యది. హారన్లూ రత్తయ్యవే. ముక్త్యాల సిమెంటు ఊరూరా మోసిన అతని పాత లారీవి.

చిల్లకల్లు దగ్గర ఆ హారన్ కొడితే నందిగామలో గేదెలు పాలు చేపేవట. మున్నేరు వరదలో లారీ తేలిపోతుంటే, అదే హారన్ కొట్టి చేపల్ని పక్కకి తప్పించాడట.

నమ్మనివాళ్ళకి ఆ చేపల పేర్లు కూడా చెబుతాడు.

షుగరు ముదిరి ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. కట్టుడు పళ్ళతో చెరుకు నమలొచ్చేమోగాని, కట్టుడు కాలితో క్లచ్ తొక్కడం కుదరలేదు.

అందుకని హైదరాబాదు నుంచి ఒక పెట్టె తెప్పించి కారులో బిగించుకున్నాడు. గేరు రాడ్డు మీద చెయ్యి పడితే చాలు, క్లచ్ అదే తొక్కుతుంది, అదే వదులుతుంది.

పెట్టె బుద్ధిమంతురాలే. హారన్ కొట్టనంతసేపు.

కొడితే మాత్రం, రాడ్డు మీద ఎవరో చెయ్యేశారనుకుని టిక్కుమని క్లచ్ తొక్కేస్తుంది. ఇంజను అరుస్తుంది, చక్రాలు దాని మాట వినవు.

కాలు పోయాక మళ్ళీ ఇవ్వాల్సొచ్చిన లైసెన్సు పరీక్షలో జరిగింది అదే. నందిగామ బ్రేకు ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో కూర్చుని, కాలవ వంతెన ఎత్తు ఎక్కుతూ హారన్ కొట్టమన్నాడు.

రత్తయ్య కొట్టాడు. కారు వెనక్కి జారి జారి, కింద చెరుకురసం బండిని ముద్దు పెట్టుకోబోయి ఆగింది.

"కారు వెనక్కి రాలేదండి. వంతెనే జడుసుకుని ముందుకి జరిగింది," అన్నాడు రత్తయ్య.

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు.

"ఆ హారన్లు పీకేసి, చిన్నది పెట్టుకుని సోమవారం రా పెద్దాయనా. లేదంటే లైసెన్సు మాట మర్చిపో."

జగ్గయ్యపేటలో ఇంటికొస్తే భార్య తిరుపతమ్మదీ అదే మాట.

"పీకిస్తే పోలా? పోనీ కారే మానెయ్యి. ఊరినిండా ఆటోలున్నాయిగా."

"ఆటోలో వెనక కూర్చోవాలే."



మర్నాడు పొద్దున్నే కారుని కృపారావు షెడ్డుకి తీసుకెళ్ళాడు. ఆ పెట్టె బిగించిన ఎలక్ట్రీషియన్ కృపారావే.

"హారన్లు పీకితే టీ తాగేలోపు అయిపోద్ది బాబాయ్."

"కాలు ఆస్పత్రిలో ఇచ్చా. లారీ ఖమ్మం వాడికిచ్చా. ఇవి మాత్రం ఇవ్వనురా."

"మరి పెట్టె ఊరుకోదుగా."

"దానికి నేర్పుదాం."

ఇంజను ఆపి, తాళం మాత్రం తిప్పి ఉంచారు. రత్తయ్య హారన్ నొక్కడం, కృపారావు సీటు కింద తల దూర్చి పెట్టె చప్పుడు వినడం.

భాం. టిక్.

రేడియో పీకి పక్కన పెట్టారు. భాం. టిక్.

హారన్ తీగా, పెట్టె తీగా ఒకే టేపు చుట్టుకుని కాపురం చేస్తున్నాయి. విడదీసి ఒకదాన్ని కుడిపక్క నుంచి, రెండోదాన్ని ఎడమపక్క నుంచి నడిపించారు.

భాం. టిక్. ఈసారి కాస్త నీరసంగా.

ఎదురు కిరాణా కొట్టు వరప్రసాదరావు మెట్ల మీదికొచ్చి నిలబడ్డాడు.

"రత్తయ్యా, నీ మోతకి నా కాటా తప్పు చూపిస్తంది."

"మోతకి ముందు సరిగ్గానే చూపించేదా అండి?"

వరప్రసాదరావు లోపలికెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి బ్యాటరీ డీలా పడింది. కృపారావు అంతకంటే ముందే పడ్డాడు.

"నా వల్ల కాదు బాబాయ్. పీకేద్దాం."

రత్తయ్య చేతికర్ర షెడ్డు గోడకి చేరేసి, ఇంజను మీదికి వంగాడు. వేలితో ఒక్కో తీగనే పట్టుకుని, అది ఎక్కడ దిగుతుందో అక్కడిదాకా పోయాడు. హారన్ల ఎర్తు తీగా, పెట్టె ఎర్తు తీగా ఒకే బోల్టు కింద దొరికాయి.

"ఒకే మంచం మీద ఇద్దర్నీ పడుకోబెట్టావేంట్రా? ఒకడు గురకపెడితే రెండోవాడు లేవడూ?"

"చోటు లేదు, అక్కడే బిగించమంది నువ్వే."

"నేను సవాలక్ష చెప్తా. చేపల సంగతి నమ్మావా?"

హారన్లకి మందపాటి తీగ వేసి నేరుగా బ్యాటరీకి కలిపారు. పెట్టె ఎర్తుకి దూరంగా వేరే చోటు చూసి, రంగు గీకి, ఇనుము తళతళలాడాక బిగించారు. బ్యాటరీకి ఛార్జింగు పెట్టి, ఎక్కేదాకా కూర్చున్నారు.

భాం.

కృపారావు వింటున్నాడు. ఇంకోసారి అన్నట్టు చెయ్యి ఊపాడు.

భాం.

కృపారావు తల బయటికి తీసి, వెళ్ళి రెండు టీలు చెప్పొచ్చాడు.

సోమవారం కారు ముందు కొమ్ములు అలాగే ఉండడం చూసి ఇన్‌స్పెక్టరు నుదురు చిట్లించాడు.

"ఎక్కండి సార్," అన్నాడు రత్తయ్య.

ఎక్కాడు. ఎక్కుతూనే హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యేసుకున్నాడు.

కారు వంతెన ఎత్తు సగం ఎక్కింది. అప్పుడే అవతలి అంచున సిమెంటు లారీ తేలింది, దారినిండా అదే. చిన్నకారుని చూసి వేగమేమీ తగ్గించలేదు.

ఇన్‌స్పెక్టరు వేళ్ళు బిగుసుకున్నాయి.

రత్తయ్య హారన్ మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టి, తియ్యలేదు.

కాలవ మీది కొంగలన్నీ లేచాయి. కారు జారలేదు. ఎక్కుతూనే ఉంది.

లారీ ఎడమకి ఒరిగి, అంచున ఆగిపోయింది. కారు పక్కనుంచి పోతుంటే డ్రైవరు కిటికీలోంచి నడుం దాకా వంగి, ఆ చిన్నకారు వెనక వచ్చే లారీ కోసం చూశాడు.

వెనక ఏమీ లేదు.

ఇన్‌స్పెక్టరు హ్యాండ్‌బ్రేకు వదిలేశాడు.

"పీకెయ్యమన్నానుగా."

"అన్నారండి," అని రత్తయ్య మూడో గేరులోకి మార్చాడు.