గేదె పాలు, కోతి చేతులు

మడుగు పక్కన ఉండే నీలాలు అనే గేదె ఒక కుక్కపిల్లను తెచ్చి పెంచుకుంటోంది. కడుపునిండా పాలిచ్చేది, పక్కలో పడుకోబెట్టుకునేది. ఇంతలో పిల్లకు ఒళ్ళంతా పిడుదులు పట్టాయి. గేదెలకు తెలిసిన వైద్యం ఒక్కటే కదా, బురద! నీలాలు దాన్ని రోజూ బురదలో దొర్లించేది. పిడుదులు పోలేదు సరికదా, పిల్ల చలికి గజగజ వణికేది. ఎవరినైనా అడుగుదామంటే, "సాకడం చేతకానిదానివి ఎందుకు తెచ్చుకున్నావ్?" అంటారేమోనని నామోషీ.

ఒకనాడు గంతులమ్మ అనే కోతి తన కుక్కపిల్లతో అటు వచ్చింది. వణుకుతున్న పిల్లను చూసి, "అయ్యో వదినా, ముందే పిలవకపోయావా?" అంటూ చతికిలబడి పిడుదులన్నీ ఏరిపారేసింది. పిల్ల హాయిగా కళ్ళు మూసుకుంది.

నీలాలు సిగ్గుతో తల దించుకుంది. చూస్తే, తన పొదుగు కింద కోతి తెచ్చిన కుక్కపిల్ల! ఎముకలు తేలిన ఆ పిల్ల గుక్క తిప్పుకోకుండా పాలు తాగుతోంది.

"దీనికి ఏం పెడుతున్నావు వదినా?"

ఈసారి కోతి తల దించుకుంది. "అరటిపళ్ళు."

పిల్లకు వీలుగా ఉండాలని నీలాలు కాలు కాస్త ఎడంగా జరుపుకుంది.

"అయ్యో వదినా, ముందే తీసుకురాకపోయావా?"