కంప్యూటర్ గదిలో అచ్చమ్మ

"చెప్పులు విప్పాలా? లోపల దేవుడున్నాడేంటి మేష్టారూ?" మా బడిలో కొత్తగా తెరిచిన కంప్యూటర్ గది గుమ్మంలోనే అచ్చమ్మ ఆగిపోయింది.

"దుమ్ము పడకూడదమ్మా."

"కిటికీలు మూసి, పరదాలు కట్టి... మావిడికాయలు మాగేశారా?"

కంప్యూటర్ ముందు కూర్చున్న ఆమె కూతురు నాంచారి కిసుక్కున నవ్వింది. తోటలో చెట్లెక్కి పెరిగిన పిల్ల. తల్లి ఒప్పుకుంటేనే రేపటి నుంచి క్లాసు.

"కరెంటు కొట్టదుగా?"

"కొట్టదు."

"కళ్ళు పోతాయంటున్నారు."

"పోవమ్మా."

అచ్చమ్మ నమ్మలేదు. లోపలికొచ్చి, కూతురు కూర్చున్న కుర్చీని పట్టుకుని గట్టిగా ఊపి చూసింది. అది కదల్లేదు.

"నిరుడు కాయలు కోస్తూ దీని నాన్న పడి చనిపోయిన చెట్టుందే, రోజూ అదే ఎక్కుతోందండీ. ఎంత కొట్టినా మానదు."

అచ్చమ్మ కుర్చీ మీంచి చెయ్యి తీసింది.

"చీకటి పడేదాకా ఇక్కడే కూర్చోబెట్టండి," అంది.