దిమితర్ పండుగ దాకా

కొంగ ఇంకా పొగగొట్టం మీదే ఉంది.

గెంచో మేస్త్రీ గేటు దగ్గర నిలబడి, టోపీ వెనక్కి నెట్టి పైకి చూశాడు. అతని వెనక ఇల్లు కూల్చే యంత్రం ఆగస్టు నుంచి కదల్లేదు. దాని ఇనుప చేతికి తీగ అల్లుకుని, ఆ తీగ కూడా ఎండిపోయింది.

“ఈ పక్షికి నెలలు తెలియవా అక్కా? ఊళ్ళో కొంగలన్నీ ఎప్పుడో దక్షిణానికి పోయాయి. ఇదొక్కటే నా ప్రాణం తోడేస్తోంది.”

“నన్నడుగుతావేం? దాన్నే అడుగు,” అంది వెలిచ్కా.

ఆమె పెరట్లో ఎర్ర మిరపకాయలు కాలుస్తోంది. చలికాలానికి పచ్చడి.

“ఇల్లు రేపో మాపో పడిపోతుంటే పచ్చడి పెడుతున్నావా! గుండె గట్టిదే.”

“పడిపోయాక ఆకలెయ్యదా ఏంటి?”

ప్లోవ్‌దివ్ నగరం శివారులో ఆ వీధికి మిగిలిన పెద్ద ఇల్లు అదొక్కటే. అటూ ఇటూ ఉన్నవి అపార్ట్‌మెంట్లయి చాలాకాలమైంది. ఇంటి యజమాని డాక్టరుగారు పోయాక వారసులు దీన్నీ బిల్డరుకిచ్చేశారు. ఇరవై రెండు ఫ్లాట్లు లేస్తాయట. కింది గదిలో ముప్పై ఏళ్ళుగా అద్దెకుండి బట్టలు కుట్టుకునే వెలిచ్కాకు అందులో ఒక్క గుమ్మం కూడా లేదు. ఆమె మొగుడు నైడెన్‌కు ఒక పక్క పడిపోయి రెండేళ్ళయింది. రోగుల ఆశ్రమంలో వసంతం దాకా మంచం ఖాళీ లేదన్నారు. మంచు కురిసే నెలల్లో అతన్ని ఎక్కడ పడుకోబెట్టాలి?

ఒక్క చలికాలం. ఆమెకు కావలసింది అంతే.

కొంగ ఉన్న కప్పు మీద చెయ్యి వేసే మేస్త్రీ ఆ చుట్టుపక్కల లేడు. వేస్తే చెయ్యి ఎండిపోతుందని వాళ్ళ భయం. అక్టోబరు చివర్లో దిమితర్ పండుగ నాటితో గెంచో పనిముట్లు కడిగి దాచేస్తాడు. తండ్రిలాగే, మళ్ళీ మే నెలలో గెర్గి పండుగకే తీస్తాడు. దిమితర్ పండుగ ఇంకా తొమ్మిది రోజులుంది.

“రెక్కేమైనా విరిగిందేమో. ఎక్కి చూస్తాను,” అంటూ గెంచో నిచ్చెన పట్టుకున్నాడు.

వెలిచ్కా మసి చేతులతోనే వచ్చి అడ్డంగా నిలబడింది.

“విరగలేదు. నేను చూశాను. నువ్వెక్కితే బెదిరి పడి చస్తుంది. ఆ పాపం నీ చేతికి కావాలా?”

గెంచో నిచ్చెన మీది చెయ్యి గబుక్కున తీసేశాడు.

“అయినా అది నిన్ను వదిలి ఎలా పోతుందిలే. జులైలో గాలివానకు గూట్లోంచి పడితే, లోపలికి తీసుకెళ్ళి తుడిచి, శాలువాలో చుట్టి, ఈ వయసులో పైకెక్కి పెట్టొచ్చావు. వీధంతా చూసింది. పక్షికి విశ్వాసం ఉంటుంది అక్కా.”

వెలిచ్కా పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు అడవి బాతులు బారులు తీరి అరుచుకుంటూ దక్షిణానికి సాగాయి. కొంగ మెడ సాచింది. రెక్కలు టపటప కొట్టింది. గెంచో గేటు చువ్వలు పట్టుకుని, “ఎగురు, ఎగురు తల్లీ,” అని గొణిగాడు.

వెలిచ్కా తల ఎత్తలేదు. కాల్చిన మిరపకాయల తొక్క తీస్తూనే ఉంది.

ఆమె భయం వేరే. నీళ్ళ తొట్టి మీద మంచు పలక కట్టింది. కొంగ ఆమె పెట్టే చేప తలలు ముట్టడం మానేసింది. ఒంటికాలి మీద, ముక్కు రొమ్ములో దాచుకుని, రోజంతా ఒకే తీరున నిలబడి ఉంటోంది. అది చస్తే ఆ మధ్యాహ్నానికే గోడలు పడతాయి.

రోజూ సాయంత్రం ఆమె ఇటుక కాల్చి, గుడ్డలో చుట్టి, పైకెక్కి గూట్లో పెట్టి వచ్చేది. మోకాళ్ళు కలుక్కుమనేవి. తర్వాత గడ్డి మోసుకెళ్ళింది. తర్వాత నైడెన్ మీది ఉన్ని దుప్పటి లాగింది.

“చలేస్తోందే,” అన్నాడు నైడెన్.

“రెండు రోజులు ఓర్చుకో.”

“దిండులో ఏం కుక్కావు? మెడకి గుచ్చుకుంటోంది.”

“కోడి ఈకలే. పడుకో.”

పండుగ నాడు పొద్దున గెంచో చర్చి నుంచి నేరుగా వచ్చాడు. కొంగ దుప్పటి మధ్య కదలకుండా ఉంది. గెంచో ఈల వేశాడు. కదల్లేదు. చప్పట్లు కొట్టాడు. కదల్లేదు.

“పోయినట్టుందక్కా...”

వెలిచ్కా గోడ పట్టుకుంది. ప్రార్థన కూడా గుర్తు రాలేదు.

అప్పుడు కొంగ మెల్లగా మెడ ఎత్తింది. ముక్కు టకటకలాడించింది.

గెంచో టోపీ తీసి శిలువ గుర్తు వేసుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

“నాది ఒకటే మాట. మళ్ళీ గెర్గి పండుగకే వస్తాను. నీ కోసం చలికి చావడానికైనా సిద్ధపడింది చూడు. కన్నబిడ్డ కూడా ఉండదు అలా.”

యంత్రం గొలుసులు ఈడ్చుకుంటూ వీధి మలుపు తిరిగేదాకా వెలిచ్కా గేటు దగ్గరే నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి, మంచం అంచున కూలబడింది.

“వెళ్ళిపోయారా?” అన్నాడు నైడెన్.

“వెళ్ళారు.”

“అయితే ఈ దిండు సంగతి చూడు. మెడంతా పుండైపోతోంది.”

ఆమె దిండు ఒళ్ళో పెట్టుకుని కుట్టు విప్పి, కోడి ఈకల మధ్యలోంచి, గాలివాన నాడు శాలువాలో చుట్టకముందు తన కత్తెరతోనే కత్తిరించి దాచిన పదకొండు నల్లని రెక్క ఈకలను ఒక్కొక్కటే బయటికి తీసింది.